ఈ కీమో వద్దంటే దోషినవుతానా?

నాన్నకు క్యాన్సర్ కాలేయానికి పాకిందని తేలాక డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. ఇంకో రకం కీమో మొదలుపెట్టడం, లేదా నొప్పి లేకుండా చూసుకుంటూ ఇంట్లోనే ఉంచడం. ఇంటికొచ్చాక నాన్న ఒకటే అడిగారు: "ఈ కీమో వద్దంటే అల్లాహ్ దగ్గర దోషినవుతానా?"

చికిత్స ఆపితే అల్లాహ్ కారుణ్యం మీద ఆశ వదులుకున్నట్టేనని కొందరు బంధువులన్నారు. ఇంకొందరు దుఆ (అల్లాహ్‌ను వేడుకోవడం) చాలు, ఆస్పత్రి ఎందుకన్నారు. రెండూ నాకు మింగుడుపడలేదు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా చెప్పారు కదా! ధర్మసందేహాలు తీర్చే పండితుడు, తెలిసిన ముఫ్తీ సాహెబ్ దగ్గరికి వెళ్లాను.

ఆయన ముందు నన్నే అడిగారు. ఈ మందుతో జబ్బు నయమవుతుందా? కొంతకాలం నెట్టుకురావడానికేనా? డాక్టరు ఏ మాత్రం నమ్మకంగా చెబుతున్నారు? అవే ప్రశ్నలు పట్టుకుని మళ్లీ డాక్టరు గారి దగ్గరికెళ్లాను. నయం కాదు, కొన్ని నెలలు కలిసిరావచ్చు, రాకపోనూవచ్చు, నీరసం మాత్రం బాగా ఉంటుందన్నారు.

అది విన్నాక ముఫ్తీ సాహెబ్ విడమరిచి చెప్పారు. మానేస్తే ప్రాణం పోతుంది, చేయిస్తే నిలుస్తుంది అని గట్టి నమ్మకమున్న వైద్యాన్ని వదలకూడదు. ఫలితమే అనుమానమైన చోట నిర్ణయం రోగిది. నయమయ్యే ఆశ ఉన్నా లేకపోయినా బాధ తగ్గించే సేవ మాత్రం ఆపకూడదు. 1992లో జిద్దాలో ఇస్లాం ధర్మశాస్త్ర పండితుల సంస్థ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ చేసిన తీర్మానంలోనూ ఈ మాట ఉందట.

దైవప్రవక్త (స) మాటలూ చేతలూ చెప్పే హదీసుల గ్రంథం బుఖారీలోని ఒక హదీసు కూడా వినిపించారు. మూర్ఛరోగమున్న ఒక స్త్రీ దైవప్రవక్త (స) దగ్గరికొచ్చి దుఆ చేయమంది. ఓర్చుకుంటే స్వర్గం, కావాలంటే నయం కావాలని దుఆ చేస్తానన్నారాయన. ఆమె ఓర్చుకుంటానంది. మూర్ఛ వచ్చినప్పుడు ఒంటిమీద బట్ట తొలగకుండా మాత్రం దుఆ చేయమని కోరింది. నాన్నకు ఆ చివరి మాట మనసుకు పట్టేసింది. పరాయి చేతుల్లో ఒళ్లు దాచుకోలేకుండా పడి ఉండటమే ఆయనకు నొప్పికన్నా పెద్ద బాధ.

తర్వాత నాన్న ఇస్తిఖారా చేశారు. కల ఏమైనా వచ్చిందా అని అందరూ అడిగారు గానీ, కల రావాలన్న షరతేమీ లేదు. మేలైనదే సులువు చేయమని వేడుకోవడమే ఇస్తిఖారా. కొన్నాళ్లు ఆలోచించి కీమో వద్దు, నొప్పికి మందు ఇప్పించండి అన్నారు.

ఇక నమాజు. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పక్కకు ఒరిగి చదవమన్నది హదీసే. మూత్రం సంచి తగిలించి ఉండగా పవిత్రత ఎలాగన్నది నాన్న దిగులు. ఆపుకోలేని స్థితి కాబట్టి ప్రతి నమాజు వేళకూ ఒకసారి వజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) చేసుకుంటే చాలన్నారు ముఫ్తీ సాహెబ్. నీళ్లు పడని రోజుల్లో, నీళ్లకు బదులు మట్టి లేదా రాయి తాకి చేసే తయమ్మూమ్ కోసం దిండు పక్కన శుభ్రమైన రాయి ఒకటి పెట్టాం. నమాజులో నడుము వంచే రుకూకి బదులు తల కొద్దిగా, నేలకు నుదురు ఆనించే సజ్దాకి బదులు ఇంకాస్త ఎక్కువగా వంచాలి. మెడ నిలవని రోజుల్లోనూ ఆ తేడా నాన్న వదల్లేదు. సజ్దా తక్కువైందనిపిస్తే ఆగి, ఊపిరి తీసుకుని, ఇంకాస్త వంచేవారు.

నొప్పికి మార్ఫిన్ మాత్రలు మొదలయ్యాక కొత్త టెన్షన్ పట్టుకుంది. మత్తులో నమాజు తప్పిపోతుందని మాత్ర వేసుకోనన్నారు. నొప్పి ముదిరాక వేస్తే తగ్గించడం కష్టం, వేళ తప్పొద్దని డాక్టరు గారన్నారు. నిద్రలో నమాజు తప్పితే మెలకువ రాగానే చదివితే సరిపోతుందని ముఫ్తీ సాహెబ్ ఫోన్లో నాన్నకే నేరుగా చెప్పారు. అప్పుడు మాత్ర వేసుకున్నారు.