షాంపూ సీసా మీది కుందేలు బొమ్మను ఎంతవరకు నమ్మొచ్చు?

"జంతువులపై పరీక్షించలేదు" అని సీసా మీద కనిపించగానే అడగాల్సిన ప్రశ్న ఒకటే: దేన్ని? షాంపూనా, అందులో కలిపిన పదార్థాలనా? మామూలు షాంపూలో ఇరవైకి అటూ ఇటూగా పదార్థాలుంటాయి. నురుగు కోసం సల్ఫేటో బీటైనో, చిక్కులు పడకుండా సిలికోన్, పాడవకుండా ప్రిజర్వేటివ్, ఆపైన సువాసన. వీటిలో చాలావాటిని బ్రాండు సొంతంగా తయారు చేయదు, రసాయనాల కంపెనీల దగ్గర కొంటుంది. జంతువులపై పరీక్ష అంటూ జరిగితే ఎక్కువగా జరిగేది ఆ దశలోనే. అందుకే "మా ఉత్పత్తిని పరీక్షించలేదు" అనే బ్రాండు అబద్ధమాడకుండానే అసలు సంగతి దాటేయగలదు. దానికి "చట్టం కోరితే తప్ప" అనే తోక కూడా ఉందంటే, కొన్నిచోట్ల పరీక్షలకు ఒప్పుకుంటున్నట్టే.

అమెరికాలో క్రూయెల్టీ ఫ్రీ (జంతువులను హింసించకుండా తయారైనది) అన్న మాటకు చట్టంలో నిర్వచనమే లేదు. కుందేలు బొమ్మ కూడా డిజైనర్ చేత ఎవరైనా గీయించుకోవచ్చు.

ఇంతకీ ఆ పరీక్షలు ఎలా ఉంటాయి? కళ్లకు సంబంధించిన డ్రేజ్ పరీక్ష 1944 నాటిది. కుందేలు కింది రెప్పను కొద్దిగా లాగి, ఆ సందులో 0.1 మిల్లీలీటరు ద్రవం వేసి, రెప్పలు ఒక్క క్షణం మూసి వదిలేస్తారు. రెండో కంటిని పోల్చుకోవడానికి అలాగే ఉంచుతారు. గంటకు, తర్వాత 24, 48, 72 గంటలకు ఎరుపు, వాపు, కార్నియా మసకబారడం చూసి మార్కులు వేస్తారు. అవసరమైతే 21 రోజుల దాకా గమనిస్తారు. ఇప్పుడు దీని బదులు మనిషి కణాలతో ప్రయోగశాలలో పెంచిన కార్నియాలాంటి పొర మీద పదార్థం వేసి, ఎన్ని కణాలు బతికాయో రంగు మార్పుతో కొలుస్తున్నారు. కంటికి మంట పుట్టించే గుణం షాంపూలో ఎంతుందో తేల్చడానికి కుందేలు అక్కర్లేదు. చిక్కల్లా చట్టాలతోనే.

యూరోపియన్ యూనియన్ 2004లో తయారైన సౌందర్య సాధనాలపై, 2009లో వాటి పదార్థాలపై జంతు పరీక్షలు నిషేధించింది. 2013 మార్చి నుంచి వేరే దేశంలో అలా పరీక్షించి తెచ్చినవాటి అమ్మకానికీ తలుపులు మూసింది. భారత్ 2014లో పరీక్షలనూ, అలా పరీక్షించిన సరుకు దిగుమతినీ ఆపేసింది. అయినా యూరప్ నిషేధానికి ఒక కన్నం ఉంది. ఫ్యాక్టరీ కార్మికుల భద్రత కోసమంటూ రసాయనాల చట్టం కింద అదే పదార్థానికి పరీక్షలు అడగొచ్చు. సౌందర్య సాధనాల్లో మాత్రమే వాడే రెండు సన్‌స్క్రీన్ పదార్థాల విషయంలో ఇలాగే జరిగింది. తయారీదారు కోర్టుకెళ్లినా 2023 నవంబరులో అక్కడి జనరల్ కోర్టు పరీక్షలు అడిగిన సంస్థ వైపే నిలిచింది.

జుట్టుకు వాడేవాటి విషయంలో అన్నిటికన్నా ఎక్కువగా చూడాల్సింది చైనా నిబంధన. 2021 మే 1 నుంచి దిగుమతయ్యే మామూలు సౌందర్య సాధనాలకు, తయారీ దేశపు ప్రభుత్వం ఇచ్చిన తయారీ ప్రమాణాల పత్రమూ భద్రతా అంచనా నివేదికా ఉంటే జంతు పరీక్ష నుంచి మినహాయింపు దొరుకుతుంది. షాంపూ, కండిషనర్ ఈ కోవలోకి వస్తాయి. హెయిర్ డై, జుట్టును ఉంగరాలు తిప్పే పర్మింగ్ ద్రావణం, జుట్టు రాలడం తగ్గిస్తామనే ఉత్పత్తులు మాత్రం ప్రత్యేక కోవ, వాటికి మినహాయింపు లేదు. ఒకే బ్రాండు షాంపూ పరీక్ష లేకుండా ఆ దేశం చేరి, పక్క అరలోని రంగు డబ్బా మాత్రం పరీక్ష దాటి రావచ్చు. "చైనాలో అమ్ముతున్నారా?" అని ఆగిపోతే సగం జవాబే వస్తుంది. ఏ ఉత్పత్తి అమ్ముతున్నారని అడగాలి. జుట్టు రంగుల వ్యాపారం చేస్తూ కూడా దీన్ని తప్పించుకోవచ్చు. గార్నియర్ 2014లోనే చైనా మార్కెట్ వదిలేసింది, 2021లో లీపింగ్ బన్నీ అనే కుందేలు ముద్రకు ఆమోదం తెచ్చుకుంది.

ఇక ముద్రల సంగతి. రెండు ప్రముఖ ముద్రలూ కుందేళ్లే, బలం మాత్రం ఒకటి కాదు. లీపింగ్ బన్నీకి బ్రాండు ఒక కటాఫ్ తేదీ పెట్టుకోవాలి. ఆ తేదీ తర్వాత తాను గానీ, ప్రయోగశాలలు గానీ, ముడిసరుకు ఇచ్చేవాళ్లు గానీ జంతు పరీక్షలు చేయకూడదు, చేయించకూడదు. సరఫరాదారులపై నిఘా ఉండాలి, బయటి ఆడిట్‌కు ఒప్పుకోవాలి, ఏటా హామీ పునరుద్ధరించాలి. జంతు హక్కుల సంస్థ పెటా ఇచ్చే ముద్ర ప్రధానంగా ప్రశ్నావళి, సంతకం చేసిన హామీల మీద నడుస్తుంది. అది పనికిరాదని కాదు గానీ, రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నా ఓటు మొదటిదానికే. అయితే కటాఫ్ తేదీ అంటే పాత పరీక్షలు చెరిగిపోయాయని కాదు. సోడియం లారిల్ సల్ఫేట్‌లాంటి పాత పదార్థాలపై ఎప్పుడో పరీక్షలు జరిగిపోయాయి. ఏ ముద్రైనా హామీ ఇవ్వగలిగేది కొత్తవి జరగవనే.

ముద్ర బ్రాండుకే, దాని యజమానికి కాదు. డవ్‌కు 2018లో పెటా గుర్తింపు వచ్చినప్పుడు యూనిలీవర్‌ను చేర్చింది వేరే జాబితాలో, చట్టాల మార్పు కోసం పనిచేస్తున్న కంపెనీల కింద. 2019లో పెటా గుర్తింపు పొందిన హెర్బల్ ఎసెన్సెస్ యజమాని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్. డబ్బు చివరికి ఎవరికి చేరుతుందన్నది మీకు ముఖ్యమైతే యజమాని పేరు కూడా చూసుకోండి. నామటుకు నేను అక్కడిదాకా పోను. పెద్ద కంపెనీలో ముద్రకు తగ్గట్టు నడిచే బ్రాండు బాగా అమ్ముడుపోవడమూ ఒక ఒత్తిడే.

వీగన్, అంటే జంతువుల నుంచి తీసిన పదార్థాలేవీ లేకపోవడం, వేరే లెక్క. పరీక్ష లేని షాంపూలోనూ ఉన్ని, ఈకలు, కొమ్ముల నుంచి తీసిన కెరాటిన్, పట్టు ప్రొటీన్, తేనె, లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) ఉండొచ్చు.

సరిచూసుకోవడానికి సీసా మీది బొమ్మ చాలదు. ముద్ర ఇచ్చిన సంస్థ వెబ్‌సైటులో బ్రాండు పేరు వెతకండి, స్పెల్లింగ్‌తో సహా. జాబితాలో లేకపోతే కంపెనీకి ఇలా రాయండి: "మీ సరఫరాదారులు పదార్థాలపై జంతు పరీక్షలు చేస్తారా? కటాఫ్ తేదీ ఏది? దాన్ని ఎవరు ఆడిట్ చేస్తారు? మీ హెయిర్ డైలు, జుట్టు రాలడానికి వాడే ఉత్పత్తులు చైనాలో దుకాణాల్లో అమ్ముతున్నారా?" తేదీ, ఆడిట్ చేసిన సంస్థ పేరు ఉన్న జవాబు పనికొచ్చే జవాబు. "జంతు సంక్షేమం మాకెంతో ముఖ్యం" అంటూ రెండు పేరాలు వచ్చి నాలుగో ప్రశ్న మాయమైతే, షాంపూ సంగతి ఎలా ఉన్నా ఆ బ్రాండు హెయిర్ డై మాత్రం కొనకండి.