నిమిషానికి 44

మన పాత విద్యార్థుల సభ సంచికకు రెండు పేజీలు మించకుండా రాయమని, పాస్‌పోర్టు సైజు ఫోటో జత చేయమని కమిటీ తరఫున మన జీడిగింజగాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి మా ఆవిడ గొంతుతో "ఆయన ఊళ్లో లేరండీ" అన్నాను. "ఒరేయ్, మీ ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది. పేజీలు పంపు" అన్నాడు. నలభై ఏళ్లుగా గొంతులు మార్చి పొట్ట పోసుకుంటున్నవాణ్ని, వాడి దగ్గర మాత్రం ఎప్పుడూ దొరికిపోతూనే ఉన్నాను.

1978 పదో తరగతి బి సెక్షన్ అనగానే మీకేం గుర్తొస్తుందో నాకు తెలుసు. వేరుశనగకాయల సంగతి నేను రాయను. అందులో నా చెయ్యి లేదని అప్పుడే చెప్పాను, ఇప్పుడూ అదే మాట. ఎర్రబస్సుగాడి ప్రేమలేఖ గురించి వాడే రాసుకుంటాడు. నాకు చేతనైంది లెక్కల మాస్టారి గురించి రాయడమే.

ఆయన పాతపట్నం నుంచి పొద్దుటి బండిలో వచ్చేవారు. బండి ఆలస్యమైతే మొదటి పీరియడ్ మనదే. కూత వినపడ్డాక ఆయన టెక్కలి స్టేషన్ నుంచి నడిచి బడి గేటు చేరేలోపు, పుస్తకాలు తెరవడానికీ దిబ్బరొట్టె నోట్లో ఉన్నది మింగడానికీ సరిగ్గా సరిపోయేది. ఆ కూతను నేను పట్టాను. రెండు అరచేతులూ దొప్పలా మూసి, బొటనవేళ్ల సందులోంచి ఊది, చివర్లో వేళ్లు కాస్త వదులు చేస్తే కూత కిందికి జారుతుంది. చింతచెట్టు వెనక నుంచి మొదటిసారి వేసినప్పుడు ఎ-సెక్షన్ కూడా నోళ్లు మూసుకుంది. ఆ తర్వాత అది వ్యాపారమైంది. కూతకు గుప్పెడు జీడిపప్పు. ఎవరికి ఎప్పుడు ఎవరి గోల ఆపాలనిపిస్తే వాళ్లు నా దగ్గరకు వచ్చేవారు.

నాన్నా పులి కథ ఒక్కడికీ గుర్తు రాలేదు. అసలు బండి నిజంగా కూసిన రోజున ఎవరూ కదలలేదు. మాస్టారు గుమ్మంలోకి వచ్చేసరికి బల్ల మీద మన చిల్లరగాడు, హెడ్‌మాస్టారి నడక నడుస్తున్నాడు.

"కూత ఎవరిది?" అన్నారు. మీరెవరూ నా పేరు చెప్పలేదు. ఆ మేలు ఈనాటికీ మరవలేదు. నలభైమందీ వేలు పెట్టి చూపించారు, అది వేరే సంగతి.

బెంచీ ఎక్కించారు. బెత్తం తీస్తారనుకున్నాను. "గుణుపురం నుంచి నౌపడ దాకా నడుపు" అన్నారు. నడిపాను. పర్లాకిమిడిలో ఆపాను, పాతపట్నంలో టీ అమ్మాను, తెంబూరులో ఒక మేకను కూడా ఎక్కించాను. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు.

"కూత బాగుంది. బండే లేదు. నీ ఇంజను ఎక్కడా ఆయాసపడదు. పెట్టెల్లో బరువు లేదు. పట్టాలకు అతుకులు లేవు. ఎవరెక్కుతారురా నీ బండి?"

ఆ ఆదివారం ఆయనే టికెట్టు కొని నన్ను బండెక్కించారు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ రెండున్నర అడుగుల లైను మీద, పక్కన సైకిలువాడు కబుర్లు చెబుతూ రాగలిగే వేగం. తన వాచీ నా చేతిలో పెట్టి అతుకుల దెబ్బలు లెక్కపెట్టమన్నారు. నిమిషానికి 44 వచ్చాయి. "పట్టా పొడవు 30 అడుగులనుకో. బండి వేగమెంత?" వేళ్ల మీద లెక్కపెట్టి, తడుముకుని, చివరికి చెప్పాను. నిమిషానికి 1,320 అడుగులు. మైలుకు 5,280 కాబట్టి అది పావు మైలు. గంటకు 15 మైళ్లు. నేను సొంతంగా చేసిన మొదటి లెక్క అది. బహుశా చివరిది కూడా. తర్వాతి లెక్కలన్నీ మా ఆవిడే చూసుకుంటోంది.

ఎత్తు ఎక్కేటప్పుడు దెబ్బలు తగ్గి ఊపిరి పెరిగేది. స్టేషన్ దగ్గరపడుతుంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సాగేది. ఈనాటికీ ఏ నాయకుడి గొంతు పట్టాలన్నా ముందు నేను గొంతు వినను. ఎన్ని మాటలకు ఒకసారి గాలి తీసుకుంటున్నాడో లెక్కపెడతాను.

ఇంటరు, డిగ్రీ, ఉద్యోగం కోసం తిరగడం, పెళ్లి, ఇవన్నీ జరిగాయి.

టీవీలో కనిపించిన రెండేళ్లూ మహా వైభోగం. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో ఆటో ఎక్కితే, డ్రైవరు డబ్బులు వద్దని, అరసవల్లి దాకా ఒక్కో హీరో గొంతూ చేయించుకున్నాడు. మిగిలింది పాతిక రూపాయలు, నేనిచ్చింది రెండు వేల రూపాయల ప్రదర్శన. ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టరు. డబ్బులిచ్చి, హాయిగా కూర్చుని, దారి చూసుకుంటూ వెళుతున్నాను. 2001లో మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మాత్రం నాకే వచ్చినట్టు మా వీధంతా మైసూరుపాకు పంచాను. సొంత ఇల్లు, మేడ మీద ఒక గది, బ్యాంకులో పెద్దమ్మాయి. ఇంతకన్నా చెబితే గొప్పలంటారు, ముఖ్యంగా చిల్లర.

మధ్యలో గొంతులో బుడిపె లేచి, మూడు నెలలు నోరు విప్పవద్దన్నారు డాక్టరు. జీడిగింజ రోజూ సాయంత్రం టెక్కలి నుంచి బస్సులో వచ్చి, తన మాటలతో పాటు నా వంతు కూడా నా గొంతుతో మాట్లాడి వెళ్లేవాడు. అంత ఘోరమైన అనుకరణ నేనెక్కడా వినలేదు. తప్పు దిద్దడానికి నోరు లేదు.

2004లో ఆ చిన్న లైను ఆపేశారు. 2011లో పెద్ద బండి వచ్చింది. అప్పటి నుంచి పాతపట్నం వైపు ఎక్కడ ప్రదర్శన ఇచ్చినా ముసలివాళ్లు సినిమా గొంతులు అడగరు, పాత బండి వెయ్యమంటారు. ఒకసారి ఒక తాతగారు లేచి, "ఆ మలుపులో కూత వెయ్యరు బాబూ" అని దిద్దారు. మలుపులో వెయ్యడం మానేశాను.

కిందటి సంక్రాంతికి మాస్టారి ఇంటికి వెళ్లాను. ఎనభై దాటాయి. బండి నడపమన్నారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నడిపాను. ఆయన కళ్లు మూసుకున్నారు. మంచం పట్టె మీద చూపుడువేలు మాత్రం కదులుతోంది. అయిపోయాక వాచీ చూసి, "41 వచ్చాయి. ఎత్తు ఎక్కుతున్నావనుకుందామంటే అక్కడ ఎత్తు లేదు" అన్నారు.

సభకు ఆయన్ను కారులో తీసుకొస్తున్నారట. హెడ్‌మాస్టారి అబ్బాయి కూడా వస్తున్నారు కాబట్టి హెడ్‌మాస్టారి గొంతు చేయవద్దని కమిటీ కోరింది, చేయను. బండి మాత్రం నడుపుతాను. పొద్దున్నే మేడ మీద గదిలో సాధన చేస్తున్నాను, 43 దాకా వచ్చాను. జీడిగింజా, కారెక్కించే ముందు మాస్టారి వాచీ ఎక్కడైనా దాచెయ్యి.