అరవై నాలుగు మంది లెక్క

ఏప్రిల్ 1, బుధవారం

అమెరికా జనగణనకి ఇవాళ్టి తేదీయే గీటురాయి. సున్నాతో ముగిసే ఏడాదిలో, ఏప్రిల్ 1 నాటికి ఎవరు ఎక్కడ కాపురం ఉంటున్నారో అదే లెక్క. మళ్ళీ లెక్క 2030లో. అందుకే కాబోలు, పొద్దున్నే టెక్సస్‌లోని లవింగ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పట్టిక ముందేసుకోవాలనిపించింది. 2020లో అక్కడి జనాభా 64. దేశం మొత్తంలో అంతకన్నా తక్కువ మంది ఉన్న కౌంటీ లేదు. లక్షల మంది ఉన్న చోట లోపల దాక్కునే తేడాలన్నీ ఇంత చిన్న చోట బయటికి వచ్చి నిలబడతాయి.

ముందు నేల సంగతి. మొత్తం విస్తీర్ణం 677 చదరపు మైళ్ళు, నీళ్ళు పోను 669. జనసాంద్రత కట్టేటప్పుడు రెండో అంకే వాడాలి. దాన్ని 64తో భాగిస్తే మనిషికి సుమారు 6,690 ఎకరాలు. లవింగ్‌లో నీళ్ళు తక్కువ కాబట్టి మొదటి అంకె వాడినా పెద్దగా కొంప మునగదు. హవాయిలోని కలవావోతో ఆ ఆటలు సాగవు. అక్కడ మొత్తం 53 చదరపు మైళ్ళు, అందులో నేల 12 మాత్రమే, తక్కినదంతా సముద్రం. 2020లో జనం 82. మొత్తంతో భాగిస్తే చదరపు మైలుకి ఒకటిన్నర మంది, నేలతో భాగిస్తే దాదాపు ఏడుగురు. ఆ కౌంటీ కథ వేరు: 1866 నుంచి కుష్ఠు రోగుల్ని తెచ్చి ఉంచిన చోటు. నిర్బంధం 1969లో ఎత్తేశారు, కొత్త రోగులెవరూ రాలేదు, ఉన్న రోగులు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.

లవింగ్ ఖాళీగా ఉండటానికి కారణం నీళ్ళే. ఉత్తరాన న్యూ మెక్సికో, నైరుతి హద్దుగా పేకోస్ నది. మ్యాప్‌లో నీలి గీత చూసి పచ్చటి పొలాలు ఊహించుకుంటే పొరపాటే. ఎగువన న్యూ మెక్సికోలో మలాగా మలుపు దగ్గర భూమిలోంచి ఊరే ఉప్పునీరు నదిలో కలుస్తుంది. 1936లో కట్టిన రెడ్ బ్లఫ్ జలాశయానికి చేరేసరికే నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాన ఏడాదికి పది అంగుళాలు అటూ ఇటూ. ఎడారి తుప్పలు, మన సర్కారు తుమ్మకి చుట్టమైన మెస్కీట్ చెట్లు, అక్కడక్కడా పశువుల మేత బీళ్ళు. ఊరంటూ ఉన్నది మెంటోన్ ఒక్కటే. దాని గుండా 302వ నంబరు రాష్ట్ర రహదారి పోతుంది.

అయినా ఇక్కడ కాలవలు తవ్వి సాగు చేద్దామని ఒక కంపెనీ బయల్దేరింది. 1893లో కౌంటీ ప్రభుత్వం ఏర్పడింది, 1897లో రద్దయింది, భూమిని పొరుగున ఉన్న రీవ్స్ కౌంటీకి అప్పజెప్పారు. 1920లలో చమురు పడ్డాక 1931లో మళ్ళీ కౌంటీని నిలబెట్టారు. టెక్సస్‌లో రెండుసార్లు ఏర్పాటైన కౌంటీ ఇదొక్కటే. జనాభా వరస చూస్తే చమురు నాడి తెలుస్తుంది: 1920లో 82, 1930లో 195, 1940లో 285. ఆ తర్వాత చాలావరకు దిగుడే. 1970లో 164, 1980లో 91, 2000లో 67. బడి పిల్లలు చాలక 1972లో పక్క కౌంటీలోని వింక్ బడితో కలిపేశారు. బడి పోయిన ఊళ్ళో పిల్లలున్న సంసారం నిలవడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. ఈ నేల కింద ఉన్నది డెలావేర్ బేసిన్, అంటే పర్మియన్ చమురు క్షేత్రంలో పడమటి సగం. 2010ల్లో అడ్డంగా బోర్లు వేసి రాతిని పగలగొట్టే పద్ధతి ఊపందుకున్నాక రిగ్గులు, ఇసుక లారీలు, నీళ్ళ ట్యాంకర్లు, వరసగా కార్మికుల క్యాంపులు. పగటిపూట చూసినవాడు 64 మందేనంటే నవ్వుతాడు. కానీ జనగణన అడిగేది ‘ఎక్కడ పని చేస్తున్నావు’ అని కాదు, ‘ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటావు, ఎక్కడ పడుకుంటావు’ అని. రెండు వారాలు క్యాంపులో, మిగతా కాలం వేరే ఊళ్ళో తన ఇంట్లో గడిపేవాడు ఆ ఇంటి లెక్కలోకే వెళ్తాడు.

ఓట్ల లెక్కకి ఇంకో కొలత. 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఇక్కడ 66 ఓట్లు పడ్డాయి. పిల్లలతో కలిపి 64 మంది ఉన్న చోట 66 ఓట్లు ఎలాగని అడగడం సహజం. టెక్సస్ ఓటరు చట్టంలో నివాసమంటే శాశ్వత ఇల్లు, తాత్కాలికంగా ఎక్కడికి వెళ్ళినా తిరిగి రావాలనుకునే చోటు. జనగణన నిద్రని చూస్తుంది, ఓటరు జాబితా ఉద్దేశాన్ని చూస్తుంది. రెండూ సరిపోవాలన్న నియమం లేదు. లక్ష మందిలో ఇద్దరు తేడా వస్తే ఎవడికీ పట్టదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది జనగణన శాఖ వేసిన 2019 జనాభా అంచనా. 2010లో 82 మందిని పునాదిగా తీసుకుని, ఏటా పుట్టినవాళ్ళని కలిపి, పోయినవాళ్ళని తీసేసి, పన్ను రిటర్నుల్లో మారిన చిరునామాలని బట్టి వలసని లెక్కగట్టుకుంటూ వచ్చారు. 2019కి అది 169కి చేరింది. మరుసటి ఏడాది గడప గడపకీ లెక్క తీస్తే 64! పద్ధతి పనికిరాదని కాదు. నాలుగైదు కుటుంబాల చిరునామాలు మారితే ఇక్కడ పదో వంతు జనాభా మారినట్టు. ఒక ఏడాది తప్పు మీద తర్వాతి ఏడాది తప్పు వచ్చి కూర్చుంటుంది. అందుకే దశాబ్దం చివరి అంచనాని ఎప్పుడూ చేతి దూరంలో పెట్టి చూడాలి.

పోనీ 64 అయినా రాయి మీద గీతా అంటే, అదీ కాదు. ఎవరి వివరాలు ఎవరూ కూపీ లాగకుండా, 2020 నుంచి అంకెలకి కావాలనే కొద్దిపాటి తేడా కలిపి విడుదల చేస్తున్నారు. రాష్ట్రం మొత్తం జనాభా మాత్రం ఉన్నదున్నట్టు ఇస్తారు, కౌంటీ మొత్తానికి ఆ హామీ లేదు. కౌంటీ కన్నా కిందికి, బ్లాకుల దాకా (జనగణనలో అన్నిటికన్నా చిన్న ముక్కలు) దిగితే ఇళ్ళు ఖాళీ కానీ మనుషులున్నారు లాంటి వింతలు కనిపిస్తాయి. బ్లాకు అంకెని ఒంటరిగా వాడకుండా, కొన్ని బ్లాకులు కలిపి చూస్తే తేడాలు చాలావరకు ఒకదాన్నొకటి తినేస్తాయి.

ఆదాయం, చదువు కావాలంటే నమూనా సర్వేకి వెళ్ళాలి. 65,000 మందికి తక్కువున్న కౌంటీకి పూర్తి స్థాయి ఒక్క ఏడాది పట్టిక ఇవ్వరు, ఐదేళ్ళది కలిపి ఇస్తారు. అంకె పక్కన ఉండే, అది అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చెప్పే ‘మార్జిన్ ఆఫ్ ఎర్రర్’ నిలువు వరసని చాలామంది ముందే తీసేసి డౌన్‌లోడ్ చేసుకుంటారు. లవింగ్‌లో ఆ వరసే అసలు సమాచారం, ఒక్కోచోట అది అంచనాని మించిపోతుంది. చమురు విలువని 64తో భాగించి తలసరి ఉత్పత్తి అని రాసే వార్తలు మరీను. భాగహారం తప్పు కాదు, ఆ డబ్బులో చాలా భాగం ఆ తలలకి వెళ్ళదు, అంతే.

శాతాల్ని ఇవాళ పట్టికలోంచి కొట్టేశాను. 2010 నుంచి 2020కి ‘22 శాతం తగ్గుదల’ అని రాసి ఉంది. ‘82 నుంచి 64కి’ అని మార్చాను. పద్దెనిమిది మంది అంటే ఒక పెళ్ళి వ్యాను.

2030 పట్టిక వచ్చాక ముందు చూడాల్సింది జనాభా వరస కాదు, ఇళ్ళ సంఖ్య. 2020లో దాన్ని మాత్రం ఏ తేడా కలపకుండా బ్లాకు దాకా ఉన్నదున్నట్టు ఇచ్చారు. ఆ నియమం అప్పటికీ అలాగే ఉంటే పోలిక అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు. ప్రభుత్వ పట్టికల్లో లవింగ్ కౌంటీని గుర్తుపట్టే కోడ్ 48301, ఫైలు పేరులో పెట్టి దాచాను.