మా పిలకాయల టీకా కార్డులు

ఇంగ్లండులో పుట్టిన మా అబ్బాయికి క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా పడిందంటే, వాళ్ల అమ్మమ్మ కావలి పక్కన పల్లెలో పుట్టడం కూడా ఒక కారణం. ఇంగ్లండులో బడి పిల్లలందరికీ బీసీజీ వేయడం 2005లోనే మానేశారు. ఇప్పుడు అవసరమున్న పసిబిడ్డలకే వేస్తారు. ఏటా లక్ష మందిలో 40 మందికి గానీ అంతకు మించి గానీ క్షయ సోకే దేశంలో బిడ్డ తల్లో తండ్రో, లేదంటే తాతయ్యా అమ్మమ్మల్లో, తాతయ్యా నాయనమ్మల్లో ఒక్కరైనా పుట్టి ఉంటే ఆ టీకా ఇస్తామంటారు. "మీ అమ్మగారు పుట్టింది ఎక్కడ?" అని మిడ్‌వైఫ్ (కాన్పు చూసే నర్సు) అడిగినప్పుడు నెల్లూరు జిల్లా అని చెప్పాలనిపించింది. ఆవిడ ఇండియా అని రాసుకుంది. అట్లా మా అక్కాతమ్ముళ్లిద్దరికీ ఎడమ భుజం మీద ఒకేలాంటి మచ్చ ఉంది. పాపకి నెల్లూరులో పడింది, బాబుకి రెడింగ్‌లో.

సెలవలకి అమ్మ దగ్గరికి వచ్చినప్పుడల్లా మా వీధిలో ఎవరో ఒకరు ఈ టీకాల సంగతి అడుగుతూనే ఉంటారు. కొడుకు లండన్ వెళుతున్నాడు, కోడలు చంటిబిడ్డతో తర్వాత వెళుతుంది, ఏం పట్టుకెళ్లాలి అని. పచ్చళ్లు, పొడులు ఎట్లాగూ పెట్టెలోకి చేరతాయి. నేను మొదట చెప్పేది మాత్రం టీకా కార్డు గురించే. దాన్ని చేతిసంచీలో, పాస్‌పోర్టులతో పాటు పెట్టుకోమంటాను. రెండువైపులా ఫొటో తీసి ఫోన్‌లో కూడా ఉంచుకోమంటాను.

ఎందుకంటే అక్కడ జీపీ దగ్గర పేరు నమోదు చేసుకోగానే పిల్లల విషయంలో అడిగేది దాన్నే. జీపీ అంటే మనం పేరు నమోదు చేసుకునే పేట డాక్టరు. పిల్లల టీకాలు చాలావరకు అక్కడే నర్సు వేస్తుంది, డబ్బులు తీసుకోరు. ఫలానా తేదీకి రమ్మని వాళ్లే ఉత్తరం పంపుతారు. కానీ ఇండియాలో ఏ టీకా ఎప్పుడు పడిందో వాళ్ల కంప్యూటర్‌లో ఉండదు. "అన్నీ వేయించామండీ" అని మనం ఎంత గట్టిగా చెప్పినా నోటిమాటతో సరిపెట్టుకోరు. నమ్మదగిన రికార్డు లేని బిడ్డని టీకాలు పడని బిడ్డగానే లెక్కేసి, వయసుకి తగినవన్నీ మొదటినుంచీ వేసుకొస్తారు. అది పిల్లల మంచికే. అయినా కార్డు ఉంటే తప్పిపోయే సూదులు కొన్ని ఉంటాయి కదా.

మా పాపకి కార్డు ఉంది. పుట్టగానే వేసిన బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి, తర్వాత డీపీటీ డోసులు, తొమ్మిదో నెల నిండాక తట్టు టీకా, అన్నీ తేదీలతో సహా రాసి ఉన్నాయి. రెడింగ్ నర్సు ఒక్కొక్క గడీ చదివి, మా పాపకి ఇంకా ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసిచ్చింది. ఏడాది నిండకముందు వేసిన తట్టు టీకాని వాళ్లు లెక్కలోకి తీసుకోరు. పైగా అందులో గవదబిళ్లల టీకా కలిసి లేదు. అందుకని తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడూ కలిసిన ఎంఎంఆర్ రెండు డోసులూ వేయించాలంది. మెనింగోకాకస్ అనే క్రిమి వల్ల వచ్చే మెనింజైటిస్‌కి (మెదడు పొరల వాపుకి) టీకా మన ప్రభుత్వ పట్టికలో లేదు, వాళ్ల పట్టికలో ఉంది. అదీ వేశారు.

ఫోన్‌లో ఈ మాట చెప్పగానే అమ్మ ఊరుకోలేదు. "వేసిందే మళ్లీ వేయడమేంది? పసిపిల్ల ఒళ్లు ఏమైపోవాల?" అంది. పక్కనే మా పిన్ని ఉంది. పిన్ని ఏఎన్ఎంగా చేసి రిటైరైంది. బుధవారం, శనివారం వచ్చిందంటే ఐసు ప్యాకులు పెట్టిన టీకాల డబ్బా భుజాన వేసుకుని, బస్సున్న చోటికి బస్సులో, లేని చోటికి నడిచి వెళ్లిన మనిషి. ఆ డబ్బాలో చల్లదనం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఎండాకాలం మా జిల్లాలో అది ఎంత కష్టమో ఆమెకే తెలుసు. ఫోన్ తీసుకుని అమ్మకీ నాకూ కలిపి విడమరిచి చెప్పింది: "తల్లి నుంచి వచ్చిన రక్షణ బిడ్డ ఒంట్లో కొన్ని నెలలు ఉంటాది. అదున్నంతకాలం తట్టు టీకా సరిగా పట్టదు. ఏడాది దాకా ఆగి వేస్తే బాగా పడతాది. కానీ మన దగ్గర అందాకా ఆగితే ఈలోపే తట్టు తగులుకుంటాది. అందుకని తొమ్మిది నెలలకి ఒకటి, ఏడాదిన్నర దగ్గర ఇంకోటి వేస్తాం. వాళ్లకి అంత తొందర లేదు, ఏడాదికి మొదలుపెడతారు. ఎవురి లెక్క వాళ్లది."

ఇంత తేలిగ్గా నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. మన వైద్యం తక్కువదీ కాదు, వాళ్లది మన పిల్లల్ని ప్రయోగానికి వాడుకునేదీ కాదు. రెండు పట్టికలు రెండు ఊళ్ల జబ్బుల్ని చూసి రాసినవి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాల్సిన పని మాత్రం తల్లిదండ్రులదే. మన తరఫున ఇంకెవరూ ఆ పని చేయరు. 2024లో ఇంగ్లండులో తట్టు కేసులు 2,900 దాటాయి. "అది అభివృద్ధి చెందిన దేశం, అక్కడ ఇవన్నీ ఎందుకు" అనుకునేవాళ్లకి నేను ఈ అంకె చెబుతాను.

సూది భయం గురించి కూడా చెప్పాలి. మన ఇళ్లలో "అన్నం తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా" అనడం చాలా మామూలు. ప్రేమతోనే అంటారు. మా అమ్మ కూడా అంది. రెడింగ్‌లో నర్సు మా బాబుని పేరు పెట్టి పిలిచి, ఏ చెయ్యి ఇస్తావు అని వాడినే అడుగుతుంది, కొంచెం నొప్పిగా ఉంటుంది అని ముందే నిజం చెబుతుంది, అయ్యాక స్టిక్కర్ ఇస్తుంది. అలవాటైన ఆ పిల్లవాడు అమ్మమ్మ మాట విని నా దగ్గరికొచ్చి, "నేను ఏం తప్పు చేశానని నాకు అన్ని టీకాలు వేశారు?" అని అడిగాడు. నాకు మనసు చివుక్కుమంది. ఆ రాత్రి అమ్మతో కూర్చుని నెమ్మదిగా మాట్లాడాను. కాపాడే దాన్ని శిక్షగా చూపిస్తే రేపు నిజంగా అవసరమైనప్పుడు వాడు చెయ్యి ఇవ్వడమ్మా అన్నాను. అమ్మ ఆ మాట మళ్లీ అనలేదు. అట్లాగని అక్కడి పద్ధతే గొప్పదని నేను అనను. రెడింగ్‌లో జ్వరమొస్తే మేము నలుగురమే. కావలిలో టీకా వేయించుకొచ్చిన బిడ్డని సాయంత్రం దాకా ఎవరో ఒకరు ఎత్తుకునే తిరుగుతారు, తడిగుడ్డ వేయడానికి నాలుగు చేతులుంటాయి. నా పిల్లలకి ఆ నర్సు ఇచ్చే మర్యాదా కావాలి, ఈ చేతులూ కావాలి.

ఆ చేతుల విలువ పోయిన ఆగస్టు సెలవల్లో ఇంకా బాగా తెలిసింది. పక్కింటి వాకిట్లో కుక్కపిల్లతో ఆడుతూ మా బాబు పిక్క మీద గీరించుకున్నాడు. రక్తం రాలేదు, చర్మం మాత్రం లేచింది. ఒకావిడ పసుపు పెట్టమంది, ఇంకొకావిడ కారం పెట్టమంది, ఒక పెద్దాయన పసరు పోసే మనిషి పేరు చెప్పాడు. పిన్ని ఎవరి మాటా వినిపించుకోలేదు. వాడిని పంపు దగ్గరికి తీసుకుపోయి, ధారగా నీళ్లు పడుతుండగా సబ్బుతో పావుగంట కడిగింది. కడిగాక పైన ఏమీ పూయనివ్వలేదు. "పద నాయనా, సూది వేయించుకుని ఐస్‌క్రీమ్ తినొద్దాం" అని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. రేబిస్ టీకా అక్కడ ఉచితంగానే వేశారు.

ప్రవాసంలో ఉన్నవాళ్లు ఇది మనసులో పెట్టుకోండి. బ్రిటన్‌లో కుక్కల్లో రేబిస్ లేదు. అక్కడ పెరిగిన పిల్లలు ప్రతి కుక్కనీ ముద్దు చేయబోతారు. విమానం ఎక్కకముందే వాళ్లకి చెప్పాలి, గీరినా నాకినా దాచకుండా మనకి చెప్పమనాలి. మా జిల్లాలో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు డోసులుంటాయి. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు వైరస్‌ని అడ్డుకునే మందు) కూడా ఇవ్వాలి. మాకు 28వ రోజుకి ముందే తిరుగు ప్రయాణం ఉంది. పిన్ని ఆసుపత్రిలో నిలబడి టీకా పేరు, బ్యాచ్ నంబరు, ఏ తేదీన ఎక్కడ వేశారో అన్నీ చీటీ మీద రాయించి స్టాంపు వేయించింది. రెడింగ్‌లో జీపీ ఆ చీటీ చూసి, అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థలో రేబిస్ నిపుణులతో మాట్లాడి మిగిలింది పూర్తి చేయించారు. మన ప్రభుత్వాసుపత్రి చీటీ అక్కడ చెల్లుతుందా అని చాలామంది అడుగుతారు. పేరు, తేదీ, మోతాదు స్పష్టంగా ఉంటే చెల్లుతుంది.

ప్రయాణానికి ముందు వేయించాల్సినవీ ఉన్నాయి. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు జీపీ దగ్గర ఉచితంగా దొరుకుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే అడగాలి. "మన ఊరికే కదా వెళ్లేది" అనుకుని మనవాళ్లు వీటిని వదిలేస్తారు. బ్రిటన్‌లో టైఫాయిడ్ బయటపడేది ఎక్కువగా ఇట్లా చుట్టాల్ని చూడటానికి మన దేశాల వైపు వచ్చి వెళ్లినవాళ్లలోనే. మనం ఇక్కడి నీళ్లు తాగి పెరిగాం, పిల్లలు పెరగలేదు. ముక్కులో కొట్టే ఫ్లూ స్ప్రే గురించి శాకాహారులైన స్నేహితులు అడుగుతుంటారు. అందులో పంది జెలటిన్ ఉంటుంది. వద్దంటే జెలటిన్ లేని ఇంజెక్షన్ ఇస్తారు, మొహమాటపడకుండా అడగొచ్చు. ఆటలమ్మకి టీకా ఉందంటే మా వీధిలో ఇప్పటికీ వింతగా చూస్తారు. అక్కడ 2026 జనవరి నుంచి దాన్ని ఎంఎంఆర్‌తో కలిపి చిన్నపిల్లలకి ఇస్తున్నారు.

మా పాపకి ఈ సెప్టెంబరుతో ఇయర్ 8 మొదలవుతుంది. ఆ తరగతిలో బడిలోనే హెచ్‌పీవీ టీకా వేస్తారు. అమ్మాయిలకి 2008 నుంచి, అబ్బాయిలకి 2019 నుంచి ఇస్తున్నారు, 2023 సెప్టెంబరు నుంచి చాలామందికి ఒక్క డోసే. నిన్న రాత్రి భోజనాల దగ్గర పాపే ఆ మాట ఎత్తింది. "అమ్మమ్మా, అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేస్తారు. మా క్లాసులో అందరికీ వేస్తారు" అంది తడబడకుండా. అమ్మ చెయ్యి కంచంలోనే ఆగింది. పెళ్లి కాని పిల్ల, పన్నెండేళ్లది, అందరి ముందూ ఆ మాటలు మాట్లాడటం ఆమెకి కొత్త. నేను పాపని ఆపలేదు. ఆ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ సోకే వయసు రాకముందే వేస్తే టీకా బాగా పనిచేస్తుంది, అందుకే ఇంత చిన్నప్పుడు అని మాత్రం కలిపాను.

పిన్ని అందుకుంది. మన దేశపు ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదేనని చెప్పింది. తను పనిచేసిన ఊళ్లలో ఆడవాళ్లు సిగ్గుపడి, జబ్బు ముదిరేదాకా చెప్పుకోకుండా ఎట్లా ఉండేవాళ్లో చెప్పింది. మన దగ్గర తయారైన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకా వచ్చిందని, తొమ్మిది నుంచి పధ్నాలుగేళ్ల వయసు పిల్లలకైతే రెండు డోసులని వివరించింది. అంతా విని అమ్మ మా వదిన వైపు తిరిగి, "మన పిల్లకి పదకొండు నిండినాయి కదా, దానికెప్పుడు వేయిస్తారు?" అని అడిగింది. పొద్దున్నే వదిన నెల్లూరులో పిల్లల డాక్టరుకి ఫోన్ చేసింది. సోమవారం రమ్మన్నారు. పాప కూడా వెళతానంటోంది, మరదలి పక్కన కూర్చోవడానికి.