జీ, హెచ్‌లతో ఒక సోమవారం

కార్తీక సోమవారం కాబట్టి అత్తయ్యగారికి నక్తం. మర్నాడు డిక్టేషన్ కాబట్టి బుజ్జికి టెన్షన్. నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేలోపే నోట్సు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

ఈసారి టీచరు ఇచ్చిన మాటలన్నిట్లో జీ, హెచ్ పక్కపక్కన ఉంటాయి. స్పెల్లింగ్‌తో పాటు తెలుగు అర్థం కూడా రాయాలి. నైట్ అంటే రాత్రి, ఎయిట్ అంటే ఎనిమిది, డాటర్ అంటే కూతురు, లైట్ అంటే వెలుగు, ఇంకో లైట్ అంటే తేలికైనది, వెయ్ అంటే తూచడం, డో అంటే కలిపిన పిండి, బౌ అంటే చెట్టు పెద్దకొమ్మ. వీటిలో జీ, హెచ్ నోరు విప్పవు. టఫ్, కాఫ్, లాఫ్, ఎనఫ్‌లలో మాత్రం ‘ఫ’ అంటాయి. ఘోస్ట్‌లోకి వచ్చేసరికి ‘గ’ అంటాయి.

“పలకనప్పుడు రాయడం దేనికమ్మా? తెలుగులో ఇలా ఉండదు కదా!”

అస్సలు ఉండదని కాదు. ఋషి అని రాసి రుషి అంటాం. కానీ ఇంగ్లీషుకున్నంత మొండితనం మనకి లేదు, ఒప్పుకోవాలి. మా చిన్నప్పుడు ఈ ప్రశ్న అడిగితే ‘సైలెంట్’ అనే ఒక్క మాటతో సరిపెట్టేవారు. ఆ జవాబు నాకెప్పుడూ నచ్చలేదు. ఇప్పుడు పలకని అక్షరం ఒకప్పుడు పలికైనా ఉండాలి, ఎవరో పనిగట్టుకుని ఇరికించైనా ఉండాలి.

చపాతీ పిండి కలుపుతూ చెప్పుకొచ్చాను. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో రాత్రిని ఇంచుమించు ‘నిఖ్ట్’ అనేవారు, కూతుర్ని ‘దొఖ్టర్’ అనేవారు. ఆ ఖ మన ఖడ్గంలోది కాదు. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్లు ‘ఖబర్’ అన్నప్పుడు గొంతు గీరుకుంటూ వస్తుందే, అది. అప్పట్లో దాన్ని ఒట్టి హెచ్‌తో రాసేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి రాతకి అలవాటుపడిన లేఖకులు వచ్చారు. ఆ గరగర శబ్దానికి జీ, హెచ్ కలిపి రాయడం ఆ తర్వాతి శతాబ్దాల్లో కుదురుకుంది. తీరా రాత కుదురుకున్నాక శబ్దం జారిపోయింది. 15వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం లోపు కొన్ని మాటల్లో పూర్తిగా మాయమైంది, కొన్నిట్లో ‘ఫ’ అయింది. ఈలోపు 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చులోకి ఎక్కిన స్పెల్లింగులు మెల్లగా అలాగే పాతుకుపోయాయి. స్కాట్లండు పాత యాసలో ఇప్పటికీ ‘నిఖ్ట్’ వినిపిస్తుంది. జర్మన్లయితే ‘నాఖ్ట్’ అంటారు.

“ఏంటమ్మా, నక్తం గురించా?” అన్నారు అత్తయ్యగారు హాల్లోంచి. వత్తులు చేసుకుంటున్నారు.

ఇది మాత్రం నేను ప్లాన్ చేసింది కాదు. నక్తం అంటే సంస్కృతంలో రాత్రిపూట అనే. పగలంతా ఉపవాసం ఉండి రాత్రి తింటారు కాబట్టి ఆ వ్రతానికి ఆ పేరు. ఆ నక్తమూ, జర్మన్ల నాఖ్టూ, బుజ్జి నోట్సులోని నైటూ ఒకే మాటకి మనవలు, మునిమనవలు. నక్తంలో ‘క’ ఉన్న చోటే నైట్‌లో జీ, హెచ్ కూర్చున్నాయి. నక్షత్రం చూసి తింటారు కాబట్టి నక్తం అని అత్తయ్యగారి లెక్క. ఆవిడతో వాదించలేదు. పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోని మనిషితో వ్యుత్పత్తుల గురించి వాదించకూడదు.

ఇంగ్లీషు మన దగ్గర ఈ మాటల్ని అప్పు తీసుకోలేదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఏదో ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని, గాథిక్ లాంటి భాషలూ ఆ కుటుంబానివే అయి ఉండొచ్చని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి చెప్పాడు. ఇంగ్లీషు ఆ గాథిక్‌కి చుట్టం. బుజ్జికి జడ్జి సంగతి పట్టలేదు. “మిగతావాటికి కూడా ఉన్నాయా?” అంది.

ఉన్నాయి. ఫ్రిజ్ మీద పిన్నిగారింటి శుభలేఖ ఉంది, పెళ్లికూతుర్ని ఫలానావారి దౌహిత్రి అని వేశారు. కూతురి కూతురు అని. దుహిత అంటే కూతురు. డాటర్‌లోని జీ, హెచ్‌ల చోట దుహితలో ‘హ’ ఉంది, మనం దాన్ని ఇప్పటికీ పలుకుతున్నాం. దుహిత అంటే పాలు పితికే పిల్ల అని ఓ కథ చెబుతారు కానీ నాకు నమ్మకం లేదు. ఆడపిల్ల పుట్టగానే పని అప్పజెప్పే కథలా అనిపిస్తుంది. ఎయిట్ అష్ట. తేలికైన లైట్‌కి లఘువు చుట్టం. లఘుశంకలో లఘువు అదేనని చెప్పడం నా తప్పే, దాంతో పది నిమిషాలు నవ్వు. వెయ్ అనే మాటకి మొదట మోయడం అనే అర్థం ఉండేది, అది వహించడానికీ వాహనానికీ బంధువు. బౌ అంటే బాహువు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి భుజం అనే అర్థం కూడా ఉండేది, అంటే వాళ్ల కంటికీ పెద్దకొమ్మ చెట్టు చెయ్యిలాగే కనబడింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డో. దాని తోబుట్టువు దేహం. పూర్వం ఆ ధాతువుకి మెత్తటిదాన్ని మెదిపి, పూసి, ఆకారం చేయడం అని అర్థం. అక్కడ పిండి ముద్దయింది, ఇక్కడ ఒళ్లయింది. ఇది చెప్పేటప్పటికి నా చెయ్యి మణికట్టు దాకా పిండిలోనే ఉంది. బుజ్జి తన బుగ్గ నొక్కి చూసుకుని “అయితే నేను చపాతీనా?” అంది.

ఇలాంటివి చెప్పాక చాలామంది ఒక ఊపులో ‘అన్నీ మన నుంచే పోయాయి’ అనే దాకా వెళ్లిపోతారు. మా ఆయన కూడా టీవీ ముందు నుంచి ఆ మాటే అన్నారు. ఒకటి, అన్నీ మన నుంచి పోలేదు. రెండు, దుహిత, బాహువు, అష్ట మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. మన సొంత కూతురు, చెయ్యి, ఎనిమిది ఈ చుట్టరికంలో లేవు, వాటి బలగం తమిళం, కన్నడం, గోండి వైపుంది. ఆ సంగతి 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే దొర తెలుగు, తమిళం, కన్నడం పక్కపక్కన పెట్టి చూపించాడు. మా ఆయన వాల్యూమ్ పెంచారు.

ఇక ఇరికించిన జీ, హెచ్‌లు. డిలైట్ అంటే సంతోషం. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దానికి అవి లేవు. పక్కనున్న లైట్‌ని చూసి 16వ శతాబ్దంలో తగిలించుకుంది. దాని కింద ఏ శబ్దమూ లేదు. ఘోస్ట్‌లో హెచ్ కాక్స్‌టన్ చలవ అంటారు. ఆయన చాలా ఏళ్లు ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్‌లో ఉండి వచ్చాడు, అక్కడి ఫ్లెమిష్ రాతలో దెయ్యానికి హెచ్ ఉండేది. ఈ మాటల లిస్టులో నిజాయితీగా రాసింది రాసినట్టు ఉన్నది ఘీ ఒక్కటే. అది మన ఘ నుంచి వెళ్లింది కదా. పాపం, దాన్ని కూడా వాళ్లు ‘గీ’ అనే అంటారు.

చుక్క కనబడిందని కింద వాటా ఆవిడ కేకేశారు. అత్తయ్యగారికి వడ్డించి వచ్చేసరికి బుజ్జి అర్థాలన్నీ ఫెయిర్ చేసింది. డో ఎదురుగా ‘కలిపిన పిండి’ కొట్టేసి ‘దేహం’ అని రాసింది. మార్కు పోతుందే తల్లీ అంటే “టీచర్‌కి నేను చెప్తాగా” అంటుంది. చెరిపించేసరికి నా పని అయింది.