తిరుత్తణి ఫైలు కోసం ఎగ్మూరు దాకా

ఎస్వీ యూనివర్సిటీలో నా పీహెచ్‌డీ విషయం చిత్తూరు జిల్లా సరిహద్దు, అంటే తిరుత్తణి లాంటి ఊళ్లు మనవా తమిళులవా అన్న గొడవ. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది, 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోది. పాత కాయితాలు కావాలంటే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు పోవాల్సిందే.

పోయేవాళ్లకు ముందే చెప్తున్నా, డిపార్ట్‌మెంటు లెటరు, ఆధార్ జిరాక్సు లేకుండా సప్తగిరి రైలు ఎక్కొద్దు. ఇండెక్సులో జీవో నంబరు, తేదీ పట్టుకుని చీటీ రాసిస్తేనే కట్ట బయటికొస్తుంది. పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి వచ్చిందంటే మన అదృష్టం. నాడా విప్పితే కాయితం అంచులు అప్పడంలా విరుగుతాయి. పెన్సిలుతోనే రాసుకోవాలి.

దొరలు ఆర్కాటు నుంచి చంద్రగిరి లాంటి తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తెచ్చి ఒక జిల్లాగా కట్టారు. పరిపాలనకు వీలు చూసుకున్నారు గానీ భాష చూడలేదు. ఏ ఊరు ఎవరిదన్న గొడవ ఆ తర్వాత మొదలైంది. తమిళ నేల ఉత్తరాన వేంగడం (తిరుమల కొండ) నుంచి దక్షిణాన కుమరి దాకా అని చెప్పే ‘వడ వేంగడం, తెన్ కుమరి’ అన్న మాట పాత తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పీఠికలో ఉంది, దాన్ని చూపించి తమిళ నాయకుడు మ.పొ.శివజ్ఞానం తిరుపతి కూడా తమదేనన్నారు. మనవాళ్లు విజయనగర రాజుల శాసనాలు, అన్నమయ్యను ముందుపెట్టి మద్రాసు కూడా మనదేనన్నారు. చదువుతుంటే ఇద్దరిదీ ఒకే పాట అనిపించింది.

రెండు రాష్ట్రాల మధ్య తీర్పరిగా వచ్చిన పటాస్కర్ పురాణాలు పక్కనపెట్టారు. గ్రామం యూనిట్, 1951 జనాభా లెక్కల్లో ఎక్కువమంది భాష, భూభాగం కలిసుండటం, ఇవే ఆయన కొలతలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు వైపు పోయింది, సత్యవేడు ఆంధ్ర వైపు వచ్చింది. కానీ జనాభా లెక్కల్లో మాతృభాష గడికి ఒక్కటే జవాబు. నగరి, పుత్తూరు వైపు ఇంట్లో ఒకటి, సంతలో ఇంకొకటి మాట్లాడేవాళ్లు ఆ గడిలో ఎక్కడ పడతారు? నా మూడో అధ్యాయమంతా దీని మీదే. గైడ్ సారు దాన్ని రెండుసార్లు తిప్పి పంపారు, ‘ఆవేశం తగ్గించి పట్టిక పెట్టమ్మా’ అని.

పెట్టాను. వైవాలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు గారు నవ్వుతూ, ‘ఇంతకీ తిరుత్తణి మనకు రావాల్సిందేనా?’ అన్నారు. గ్రామాల పట్టిక తీసి, ఈ లెక్క అది తేల్చలేదు సార్ అన్నాను. తర్వాతి ప్రశ్న ఫుట్‌నోట్ల మీదికి పోయింది.