జార్జ్‌టౌన్ మ్యాచ్ చూసొచ్చాక

ఆఫీసులో ఒకాయన వద్దనుకున్న టికెట్ నా చేతికొచ్చింది. అలా 2022 జనవరిలో వాషింగ్టన్ డీసీలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ జట్టు బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూశాను. దాదాపు 20 వేల మంది పట్టే హాలు. పై అంతస్తు మొత్తం ఖాళీ, పాప్‌కార్న్ అమ్మే కుర్రాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

నా పక్కన బూడిద రంగు పాత జెర్సీలో ఓ పెద్దాయన. ఆట కన్నా ఆయన కబుర్లే బాగున్నాయి. భుజాన తెల్ల తువ్వాలుతో నిలబడే అప్పటి కోచ్ జాన్ థాంప్సన్, నాలుగేళ్లలో మూడు జాతీయ కాలేజీ ఫైనల్స్ (1982, 84, 85), 84లో టైటిల్. అప్పటి స్టార్ ఆటగాడు పాట్రిక్ యూయింగ్. ఆ తర్వాత మోర్నింగ్, ముటోంబో, ఐవర్‌సన్ లాంటి స్టార్లు.

ఆ రోజు కోచ్ కుర్చీలో ఉన్నది కూడా యూయింగే. 2021 మార్చిలో వాళ్ల లీగ్ బిగ్ ఈస్ట్ టోర్నీ గెలిచి ఆశలు రేపాడు. మరుసటి సీజన్లో లీగ్ మ్యాచ్‌లు 19 ఆడితే 19 ఓడారు!

తప్పంతా ఆయనదే అంటే నేనొప్పుకోను. 2013లోనే జాతీయ టోర్నీలో ఫ్లోరిడా గల్ఫ్ కోస్ట్ లాంటి అనామక జట్టు చేతిలో పరువు పోయింది. పైగా 2021 నుంచి ఆటగాళ్లు ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారొచ్చు, ఎవరు ఆగుతారు? కానీ లీగ్‌లో సున్నా గెలుపుల తర్వాత కూడా పాత అభిమానంతో ఆయన్నే కొనసాగించడం మాత్రం మొహమాటమే. చివరికి 2023లో తీసేశారు. కొత్త కోచ్ ఎడ్ కూలీ తొలి సీజన్ కూడా 9 గెలుపులు, 23 ఓటములు.

మళ్లీ ఎవరైనా ఫ్రీ టికెట్ ఇస్తే వెళ్తా. పార్కింగ్ డబ్బులు కూడా వాళ్లే ఇవ్వాలి.